అర్జీకి జవాబు ఎప్పుడు?



సోమవారం పొద్దున్నే ఏ జిల్లా కలెక్టరేట్ దగ్గరికైనా వెళ్లి చూడండి. గేటు బయట చెట్టు నీడన చిన్న బల్ల, బల్ల మీద తెల్లకాగితాల దస్తా, తల వంచుకుని గబగబా రాసుకుపోయే ఒక మనిషి కనిపిస్తారు. ఆయన ఎదురుగా పాస్‌బుక్కు జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న రైతు ఒకరు, పింఛను ఆగిపోయిన అవ్వ ఒకరు నిలబడి ఉంటారు. తెలంగాణలో దీన్ని ప్రజావాణి అంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. పేర్లు ఎన్ని మారినా జనం నోట్లో మాత్రం అది ‘గ్రీవెన్సే’.

ఆ రాసే ఆయన కాగితం పైన మొదట ఏం రాస్తారో గమనించారా? ‘కలెక్టరు గారి దివ్య సముఖమునకు’. చివర ‘తమ విధేయుడు’. మనం మాట్లాడేటప్పుడూ అంతే, అర్జీ ఇచ్చాను అనం, అర్జీ పెట్టుకున్నాను అంటాం. ఆ ‘పెట్టుకోవడం’లో ఎన్ని తరాల భయం ఉందో! రాజులు పోయారు, జమీందార్లు పోయారు, కాగితం మీద దివ్య సముఖం మాత్రం మిగిలిపోయింది.

ఈ రోజు నేను మాట్లాడబోయేది పింఛను కోసమో, పట్టా కోసమో పెట్టే అర్జీ గురించి కాదు. పాలించేవాళ్లను లెక్క చెప్పమని, ఎన్నికలు నికార్సుగా జరపమని అడుగుతూ జనం రాసిన అర్జీల గురించి. మన బతుకుల్లో అవి ఎంత మార్పు తెచ్చాయో చాలామందికి తెలియదు. ఎక్కడ వచ్చి ఆగిపోతున్నాయో ఇంకా తక్కువమందికి తెలుసు.

ఓటు లేని కాలం నుంచి మొదలుపెడతాను. గాజుల లక్ష్మీనర్సు శెట్టి పేరు మీలో కొందరైనా విని ఉంటారు. చెన్నపట్నంలో తెలుగు వర్తక కుటుంబంలో పుట్టినవాడు. 1844లో ‘క్రెసెంట్’ అనే పత్రిక నడిపాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టాడు. అప్పట్లో ఈస్టిండియా కంపెనీ పాలనను పొడిగించాలా వద్దా అని లండన్‌లో పార్లమెంటు చర్చించబోతోంది. సరిగ్గా ఆ అదను చూసి ఈ సంఘం పార్లమెంటుకే ఒక మహజరు పంపింది. మహజరు అంటే పదిమంది కలిసి సంతకాలు చేసి పంపే అర్జీ. శిస్తు భారం గురించి, శిస్తు రాబట్టడానికి రైతుల్ని పెట్టే చిత్రహింసల గురించి అందులో రాశారు.

ఆ హింస ఎలాంటిదో ఒక్క ముక్క చెబుతాను. కిట్టి అని ఒక పనిముట్టు ఉండేది. రెండు కర్రముక్కలు ఒక కొసన కలిపి కట్టి ఉంటాయి. వాటి మధ్య రైతు వేళ్లు పెట్టి, నిమ్మకాయ పిండినట్టు నొక్కేవాళ్లు. మడక పట్టే వేళ్లు, నారు నాటే వేళ్లు. బాకీ ఎంతో కాదు, ఒక్కోసారి రెండు మూడు రూపాయలు.

అక్కడ అలాంటివేమీ లేవని కంపెనీవాళ్లు అన్నారు. డాన్బీ సీమర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసు వచ్చినప్పుడు, లక్ష్మీనర్సు శెట్టి ఆయన్ను జిల్లాలు తిప్పాడు. కాగితం మీద రాసినదాన్ని మనుషుల ఒంటి మీద చూపించాడు. సీమర్ తిరిగి వెళ్లి పార్లమెంటులో ఆ సంగతి లేవనెత్తాడు. 1854లో విచారణ కమిషన్ వేశారు. 1855లో కమిషన్ నివేదిక ఇచ్చింది. హింస నిజమేనని తేల్చింది.

ఆ మహజరు మీద సంతకం చేసినవాళ్లలో ఒక్కరికీ ఓటు లేదు. పార్లమెంటు సముద్రాలకు అవతల ఉంది. అయినా ‘మీ కొలువులో ఇది జరుగుతోంది, సమాధానం చెప్పండి’ అని అడిగారు. జవాబు రాబట్టారు. లక్ష్మీనర్సు శెట్టి 1868లో పోయాడు. ఆయన చేసిన పనిని మన పిల్లలకు ఒక పాఠంగా చెప్పుకోకపోవడం నాకెప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

ఇప్పుడు ఓటున్న కాలానికి వద్దాం. 1999 చివర్లో అహ్మదాబాద్ ఐఐఎంలో పాఠాలు చెప్పే కొందరు ప్రొఫెసర్లు ఢిల్లీ హైకోర్టులో ఒక పిటిషన్ వేశారు. వాళ్లలో త్రిలోచన్ శాస్త్రి, జగదీప్ ఛోకర్ ఉన్నారు. వాళ్లు పెట్టుకున్న సంఘం పేరు అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్. వాళ్లడిగింది చాలా చిన్న సంగతి. అమ్మాయికి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి గురించి నాలుగూళ్లలో వాకబు చేస్తాం. పాలేరును పెట్టుకునేటప్పుడు కూడా ఎవరి దగ్గర చేశాడో కనుక్కుంటాం. అయిదేళ్లు మన బతుకును చేతిలో పెట్టే మనిషి మీద కేసులున్నాయా, ఆస్తులెన్ని, అప్పులెన్ని, ఏం చదివాడు అన్నది ఓటరుకు తెలియాలి కదా? ఆ పిటిషన్ సారం ఇంతే.

2000 నవంబరులో హైకోర్టు సరే అంది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2002 మే 2న సుప్రీంకోర్టు కూడా ఓటరు పక్షమే తీర్పు చెప్పింది. అభ్యర్థుల నుంచి ఆ వివరాలు తీసుకోమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. అప్పుడు జరిగింది చూడండి. ఒకరి మొహం ఒకరు చూసుకోని పార్టీలు కూడా ఒక్కచోట కూర్చున్నాయి. ఆ ఉత్తర్వు తమకు సమ్మతం కాదన్నాయి. ఆగస్టులో ఆర్డినెన్సు వచ్చింది. కోర్టు ఏం చెప్పినా సరే, చట్టంలో రాసినంతకు మించి అభ్యర్థి ఏ వివరమూ ఇవ్వక్కర్లేదన్నారు.

జనం ఊరుకోలేదు. మళ్లీ పిటిషన్లు పడ్డాయి. ఈసారి మూడు. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్‌ది ఒకటి, ఆ ప్రొఫెసర్లది ఒకటి, మూడోది మన హైదరాబాదులో పుట్టిన లోక్‌సత్తాది. 1999 ఎన్నికలప్పుడే అభ్యర్థుల నేర చరిత్రలు సేకరించి బయటపెట్టిన సంస్థ అది. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు, ఆ ఆర్డినెన్సుతో మొదలైన చట్ట సవరణను కొట్టేసింది. అభ్యర్థి గురించి తెలుసుకోవడం ఓటరు భావ ప్రకటన స్వేచ్ఛలో భాగమేనని తేల్చింది. ఆ తీర్పు ఇచ్చిన ముగ్గురు న్యాయమూర్తుల్లో మన తెలుగువారు జస్టిస్ పి. వెంకటరామరెడ్డి ఒకరు.

అక్కడి నుంచి వచ్చినదే ఈ రోజు మనం చూస్తున్న ఫారం 26 అఫిడవిట్. నామినేషన్ల సమయంలో రిటర్నింగ్ అధికారి ఆఫీసుకు వెళ్తే నోటీసు బోర్డు మీద ఉంటుంది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లోనూ ఉంటుంది. నేను మొదటిసారి ఒక అఫిడవిట్ పూర్తిగా చదివినప్పుడు గంట పట్టింది. స్టాంపు కాగితం, ప్రతి పేజీ కింద సంతకం, నోటరీ గుండ్రటి ముద్ర. కేసు నంబరు, ఏ పోలీస్ స్టేషను, ఏ సెక్షను. భార్య పేరున బంగారం ఎన్ని గ్రాములు. సర్వే నంబర్లతో సహా భూములు. బ్యాంకు అప్పులు. కరెంటు, నీటి బిల్లుల బకాయిలు. ప్రచారంలో కనిపించే మనిషికీ ఆ కాగితంలోని మనిషికీ ఎక్కడ పొంతన కుదురుతుందో, ఎక్కడ కుదరదో ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. ఇది ఏ నాయకుడూ దయతో ఇచ్చింది కాదు. కోర్టు ఇమ్మన్నా వద్దని అడ్డం నిలబడ్డారు. అర్జీ మీద అర్జీ వేసి తెచ్చుకున్నదిది. గళ్లు ఖాళీగా వదలకూడదని 2013లో, ఆస్తి ఏ ఆదాయంతో వచ్చిందో కూడా చెప్పాలని 2018లో వచ్చిన తీర్పుల వెనకా పౌరుల పిటిషన్లే ఉన్నాయి. ఈవీఎం మీద చివరన కనిపించే నోటా మీట కూడా అలాంటి పిటిషన్ ఫలితమే.

మన జిల్లాల్లో జనం అర్జీని మరో దారిలోనూ పెట్టారు. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన ఊళ్ల బాధ ఢిల్లీకి వినపడాలని వేసిన నామినేషన్లవి. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యింది. ఆ ఏడాదే చట్టం మార్చి పార్లమెంటు అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. అయినా జనం ఆగలేదు. అది 25,000కు చేరాక కూడా, 2019లో నిజామాబాద్‌లో 185 మంది బరిలో ఉన్నారు. వాళ్లలో 170 మందికి పైగా రైతులే. పసుపుకు బోర్డు కావాలి, గిట్టుబాటు ధర కావాలి అన్నది వాళ్ల మాట. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది.

ఇంతవరకూ చెప్పినవి గెలిచిన కథలు. ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం చెబుతాను.

ఎన్నిక అన్యాయంగా జరిగిందనుకుంటే హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు. ప్రజాప్రాతినిధ్య చట్టం 81వ సెక్షను ఆ హక్కును ఓడిన అభ్యర్థికే కాదు, ఆ నియోజకవర్గంలోని ఏ ఓటరుకైనా ఇచ్చింది. ఫలితం వచ్చిన 45 రోజుల్లో వేయాలి. గడువు దాటితే ఒక్క రోజు కూడా మన్నించరు. అంత కచ్చితంగా ఉన్న ఆ చట్టమే, తీర్పు విషయానికి వచ్చేసరికి మెత్తబడింది. విచారణ ఆరు నెలల్లో ముగించడానికి ‘ప్రయత్నించాలి’ అంటుంది. ఓటరుకేమో గడువు, వ్యవస్థకేమో ప్రయత్నం.

ఒకప్పుడు ఇది బాగానే నడిచింది. 1967 ఎన్నికల్లో తాండూరు నుంచి మర్రి చెన్నారెడ్డి గెలిచారు. ఓడిన వందేమాతరం రామచంద్రరావు పిటిషన్ వేశారు. చెన్నారెడ్డి అప్పటికి కేంద్రంలో ఉక్కు శాఖ మంత్రి. అయినా హైకోర్టు 1968లో ఆ ఎన్నికను రద్దు చేసింది. ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ ఏడాది డిసెంబరుకల్లా సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును ఖాయం చేసింది. కేంద్రమంత్రి మీద వేసిన కేసు రెండేళ్లు తిరగకుండా రెండు కోర్టుల్లోనూ తేలిపోయింది.  నేను చెప్పేది కాలం గురించి.

రాయ్‌బరేలీ కేసు అందరికీ తెలిసిందే. 1971లో అక్కడ ప్రధానమంత్రి గెలిచిన ఎన్నిక మీద, ఆమె చేతిలో ఓడిన రాజ్ నారాయణ్ వేసిన పిటిషన్‌లో 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రధానమంత్రి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. గొప్ప విషయమే. కానీ నాలుగేళ్లు పట్టింది.

మన దగ్గరికే రండి. 2018 డిసెంబరులో కొత్తగూడెం అసెంబ్లీ ఎన్నిక జరిగింది. గెలిచిన అభ్యర్థి అఫిడవిట్‌లో కొన్ని ఆస్తులు చూపలేదని ఓడిన అభ్యర్థి హైకోర్టుకు వెళ్లారు. తీర్పు 2023 జులైలో వచ్చింది. ఎన్నిక చెల్లదు అంది. కొద్ది రోజులకే సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. ఆ డిసెంబరుకు అసెంబ్లీ కాలమే అయిపోయింది. ఇందులో ఎవరిది న్యాయం అన్నది కోర్టుల పని. కానీ కొత్తగూడెం ఓటరు సంగతేమిటి? తన ప్రతినిధి ఎన్నిక చెల్లుతుందో లేదో తెలియకుండానే ఆ ఓటరుకు అయిదేళ్లూ గడిచిపోయాయి. పంట కోసి ఇంటికి చేర్చాక వచ్చిన వానతో ఏం చేసుకుంటాం?

ఎన్నికల బాండ్ల కేసూ ఇలాగే. 2017లో పిటిషన్ పడింది. ఎవరు ఏ పార్టీకి ఎంత ఇచ్చారో ఓటరుకు తెలియకుండా దాచడం రాజ్యాంగ విరుద్ధమని అయిదుగురు న్యాయమూర్తులు 2024 ఫిబ్రవరి 15న చెప్పారు. ఆలోగా 16 వేల కోట్ల రూపాయలకు పైగా బాండ్లు అమ్ముడుపోయాయి. మధ్యలో ఒక సార్వత్రిక ఎన్నిక జరిగిపోయింది. తీర్పు గొప్పది, కాదనను. వచ్చిన కాలం మాత్రం నాకు మింగుడుపడదు.

సమయానికి జవాబు దొరక్కపోవడం ఎంత బాధో మా ఇంట్లో చూశాను. ఒక ఎన్నికల రోజున మా అమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఎదురింటి పిన్నిగారితో కలిసి బడి దగ్గరికి వెళ్లింది. నలభై ఏళ్లుగా అదే వీధి, అదే ఇల్లు. లైను కదిలి తన వంతు వచ్చింది. అక్కడ కూర్చున్న అమ్మాయి జాబితా మీద స్కేలు పెట్టి కిందికి జరుపుతూ వెళ్లింది. నాన్న పేరుంది. నా పేరుంది. మధ్యలో అమ్మ పేరు లేదు. స్కేలు మళ్లీ పైకి తెచ్చి చూసింది. లేదు. కార్డు ఉన్నా జాబితాలో లేకపోతే ఓటు లేదమ్మా అంది. అమ్మ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి చాలాసేపు గుమ్మంలో కూర్చుంది. ‘నేను చచ్చిపోయాననుకున్నారేమోరా’ అంది చివరికి.

మర్నాడే ఫారం 6 నింపి ఇచ్చాం. ముద్ర వేసిన రసీదు చింపి చేతిలో పెట్టారు. తర్వాత కొన్నాళ్లకు బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చి అమ్మను చూసి వెళ్లారు. పేరు తిరిగి ఎక్కింది. కానీ ఎందుకు తీసేశారని రాసి అడిగిన దానికి మాత్రం జవాబు రాలేదు.

అందుకే 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక ఉత్తర్వు నాకు ఇంటి విషయంలా అనిపించింది. బీహార్ ఓటర్ల జాబితా సవరణలో ముసాయిదా జాబితాలోకి రాని పేర్లు దాదాపు 65 లక్షలు. పౌర సంఘాలు పిటిషన్లు వేశాయి. ఆ పేర్లన్నీ బయటపెట్టండి, ఒక్కొక్క పేరు పక్కన ఎందుకు లేదో కారణం రాయండి అని కోర్టు ఆదేశించింది. మా అమ్మ అడిగిందీ అదే, కారణం.

కాబట్టి శ్రోతలారా, అర్జీ రాసేటప్పుడు నాలుగు బాధలు ఒక కాగితంలో కుక్కకండి. ఒక కాగితానికి ఒక్క విషయం, ఒక్క ప్రశ్న. ‘తగు చర్య తీసుకోగలరని ప్రార్థన’ అని రాస్తే తగు చర్య ఏమిటో వాళ్లే తేల్చుకుంటారు. ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో మీరే రాయండి. దివ్య సముఖం వద్దు, ‘కలెక్టరు గారికి’ చాలు. రసీదు లేకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలకండి. నెల దాటితే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ అర్జీ ఎవరి బల్ల మీద ఉందో అడగండి. దానికి 30 రోజుల్లో జవాబు చెప్పాలని చట్టం. ఓటర్ల జాబితాలో మీ పేరును పోలింగు రోజున కాదు, ముసాయిదా వేసిన రోజునే చూసుకోండి. పేరు చేర్చడానికి ఫారం 6, తప్పులు దిద్దడానికీ ఇల్లు మారినప్పుడూ ఫారం 8. ఎవరైనా మీ పేరు తీసేయమని ఫారం 7 పెట్టారేమో కూడా కనుక్కోండి.

ఇంకొక్క అర్జీ మనందరం కలిసి పెట్టాల్సి ఉంది. లోక్‌సభలో పిటిషన్ల కమిటీ అని ఒకటుంది. పౌరులు రాసిన అర్జీని తమ ఎంపీ ద్వారా సభ ముందుకు పంపవచ్చు. తెలుగులో రాసినా ఫరవాలేదు, హిందీలోగానీ ఇంగ్లీషులోగానీ అనువాదం జతచేసి దాని మీద సంతకం చేయాలి. ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో తేల్చడానికి ‘ప్రయత్నించాలి’ అన్న చోట ‘తేల్చాలి’ అని మార్చమని, అందుకు కావలసినంతమంది జడ్జీలను ఇమ్మని అడుగుదాం. మీ ఊళ్లో పదిమంది కూర్చుని రాయండి. మీ ఎంపీ ఏ పార్టీ అయినా సరే, వెళ్లి చేతికివ్వండి.

మా వీధిలో మేం రాశాం. మొదటి సంతకం మా అమ్మది.